మనోవర్తిలో మూడో వంతు

చెరుకుపల్లి నుంచి ఒక సోదరి మూడు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడం లేదు. భర్త హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఈమెనూ తొమ్మిదేళ్ల కూతురినీ వదిలేశాడు. పాపకు నెలకు తొమ్మిది వేలు మనోవర్తి ఇమ్మని కోర్టు చెప్పింది. ఎనిమిది నెలలు దమ్మిడీ రాలేదు. అప్పుడు అన్నగారి స్నేహితుడొకాయన, ‘వసూలు పూచీ నాది, వచ్చినదాంట్లో మూడో వంతు నాది’ అని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. పవర్ ఆఫ్ అటార్నీ కూడా వ్రాయించుకున్నాడు. డబ్బు ఇప్పుడు వస్తోంది, కాని ఆయన ఖాతాకు. మూడు వేలు పట్టుకుని, మిగతా ఆరు వేలు తనకు తోచినప్పుడు ఇస్తాడు. పాపకు పద్ధెనిమిదేళ్లు నిండేదాకా ఇంతేనట.

‘మానేస్తానంటే అన్నయ్యకు మాట వస్తుంది. మానకపోతే బడి ఫీజు కట్టలేకుండా ఉన్నాను. ఏం చెయ్యమంటారు?’ అని అడిగారు.

మానెయ్యండమ్మా. ఆ మూడు వేలు మీవి కూడా కావు, పాపవి. ఇక ఎలా మానాలన్నదే ప్రశ్న.

ఈ బేరం మన ఊళ్లకే కొత్త అనుకోకండి. అమెరికాలో పిల్లల భరణం వసూలు చెయ్యడానికి 1975 నుంచి చట్టం కింద ప్రభుత్వ కార్యాలయాలున్నాయి. అవి పుచ్చుకునే రుసుము స్వల్పం. అయినా అక్కడ ప్రైవేటు వసూలు కంపెనీలు పుట్టాయి, మూడో వంతు దాకా పట్టుకుంటాయి. సర్కారు కార్యాలయం రాబట్టిన సొమ్ములో సైతం తమ వాటా అడిగే ఒప్పందాలున్నాయని అక్కడి తల్లుల ఫిర్యాదు. విసిగిపోయిన తల్లి ఎక్కడున్నా సంతకం ఒకలాగే పెడుతుంది కాబోలు!

మీ కాగితం సంగతికి వద్దాం. మీ తరఫున డబ్బు వసూలు చేసే మనిషి చట్టం దృష్టిలో మీ ఏజెంటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన అధికారాన్ని మీరు వెనక్కు తీసుకోవచ్చు. ‘ఇది రద్దు కాని పత్రం, ఇందులో నాకూ హక్కు ఉంది’ అని ఆయన అంటాడు. ఆ సొత్తులోనే ఏజెంటుకు సొంత హక్కు ఉంటే రద్దు కుదరదన్న మాట నిజమే. కాని కమీషను ఆశ అలాంటి హక్కు కాదు. పైగా, ముందు ముందు రావలసిన మనోవర్తి హక్కును ఇతరులకు బదిలీ చెయ్యడానికే వీలు లేదని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది.

ఇక్కడ ఒక న్యాయం కూడా ఒప్పుకోవాలి. ఇంతవరకు ఆయన నిజంగా వసూలు చేసినదానికి ప్రతిఫలం అడిగితే అది వేరే లెక్క. గడువు పెట్టుకున్న ఒప్పందాన్ని సరైన కారణం లేకుండా ముందే తెంచితే పరిహారం అడిగే వీలు కూడా చట్టంలో ఉంది. అందుకే ఉత్తరంలో కారణాలు వ్రాయండి: డబ్బు తన ఖాతాలో వేయించుకోవడం, నెలనెలా ఇవ్వకపోవడం, లెక్క చూపకపోవడం. అడిగినప్పుడు లెక్క చెప్పడం ఏజెంటు విధి. ఏ నెల ఎంత వచ్చింది, ఎంత పట్టుకున్నాడు అన్నది తేదీలతో సహా అడగండి. కొంత వ్యవధి పెట్టి, ఫలానా తేదీ నుంచి అధికారం రద్దు అని స్పష్టంగా వ్రాసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. పవర్ పత్రం రిజిస్టరు అయి ఉంటే రద్దు పత్రాన్నీ రిజిస్టరు చేయించాలి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. రద్దయిన సంగతి మీ భర్తకు తెలిసేదాకా ఆయన ఏజెంటుకు కట్టినది మీకు కట్టినట్టే లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. అందుచేత అదే రోజున ఆయనకూ ఒక ఉత్తరం, కోర్టులో ఒక మెమో, ఇకమీదట డబ్బు మీ పేరున ఉన్న ఫలానా ఖాతాకే జమ చెయ్యాలని.

ఆ ఏజెంటు ప్లీడరయితే కథ మరొకటి. దావా ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో వాటా పుచ్చుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఫీజు బాకీ అని కేసు కాగితాలు పట్టుకు కూర్చోరాదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది.

‘ఆయన తప్పుకుంటే మావారు మళ్లీ ఎగ్గొడితే?’ అన్నది మీ అసలు భయం. ఆ ఎనిమిది నెలలూ మీకెవరూ చెప్పలేదు గాని, వసూలు చేయించే బలం ఏజెంటుది కాదు, కోర్టు ఉత్తర్వుది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో 144వ సెక్షను వచ్చింది. పద్ధతి అదే: తగిన కారణం లేకుండా ఎగ్గొడితే వారంటు, అప్పటికీ కట్టకపోతే ఒక్కొక్క నెల బాకీకి నెల దాకా జైలు. మనిషి హైదరాబాదులో ఉన్నా అక్కడే అమలు చేయించవచ్చు. అయితే బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పడాలి. ఆ ఏడాది దాటనివ్వకండి. 2005 నాటి గృహహింస చట్టం కింద వెళితే, జీతంలోంచి నేరుగా మీకే చెల్లించమని యజమానిని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది.

ఇందుకు ప్లీడరు ఖర్చు మీరు పెట్టుకోనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం ఇస్తోంది. రేపల్లె కోర్టు ఆవరణలో న్యాయసేవల కమిటీ ఎక్కడని అడగండి. కోర్టు ఉత్తర్వు నకలు, ఆ స్టాంపు కాగితం, బ్యాంకు పాసు పుస్తకం వెంట తీసుకుపోండి.

అన్నగారి సంగతా? ఉత్తరం పోస్టు చేసే ముందురోజు ఆయనకు చెప్పండి, అనుమతి అడగవద్దు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యారు వేలు అవుతుందని కాగితం మీద వేసి చూపించండి. మేనకోడలి బడి ఫీజు ఎంతో దాని పక్కనే వెయ్యండి.