రేఖలు పలికే భాష

మహాసౌధానికి పటం ఎంత అవసరమో, బృహత్తరమైన సాఫ్ట్‌వేర్ వ్యవస్థకు నమూనా అంత అవసరం. ఆ నమూనాను తెలిపే రేఖాభాషలు 1990 దశకం తొలినాళ్లలో అనేకం ఉండేవి. ఒకే జాతి వస్తువుల లక్షణాలను తెలిపే ‘క్లాసు’ను గ్రేడీ బూచ్ మేఘాకృతిలో చూపగా, జేమ్స్ రంబో దీర్ఘచతురస్రంగా గీశాడు. ఒకరి చిత్రం మరొకరికి దుర్బోధమయ్యేది. వీరిద్దరికి స్వీడన్ దేశీయుడైన ఈవార్ జాకబ్సన్ తోడుకాగా యూఎంఎల్ అవతరించింది. ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ 1997లో దానిని ప్రమాణంగా స్వీకరించింది.

అయితే భాష ఒకటైనంత మాత్రాన భావైక్యం సిద్ధించదు. నేటి యూఎంఎల్‌లో 14 రకాల చిత్రాలున్నాయి. రైల్వే రిజర్వేషన్‌నే తీసుకుందాం. టిక్కెట్టు స్వరూపాన్ని ఒక చిత్రం, దాని రద్దు క్రమాన్ని మరొక చిత్రం తెలుపుతాయి. ఒకదానిని సవరించి రెండవదానిని మరచితే, ఒకే బెర్తు ఇద్దరికి దక్కే ప్రమాదముంది. డోవ్ డోరీ రూపొందించిన ఓపీఎంలో వస్తువు, ప్రక్రియ ఒకే రకపు చిత్రంలో ఇముడుతాయి. చిత్రార్థాన్ని తెలిపే సరళవాక్యాలు కూడా దాని వెంట ఉంటాయి. కనుక ప్రోగ్రాము రాయని వారు సైతం దోషాన్ని పసిగట్టగలరు.

అందువల్ల యూఎంఎల్ నిరుపయోగమని నా భావం కాదు. ప్రోగ్రాము రచయితకు కావలసిన సూక్ష్మవివరాలను అది చక్కగా అందిస్తుంది. కాని వ్యవస్థ సమగ్రరూపాన్ని తొలిసారి చూపవలసినప్పుడు ఒకే చిత్రపద్ధతి మేలని నా అభిప్రాయం. వ్యవస్థను వాడుకొనే సామాన్యుడు చదివి తప్పు చూపగలిగినదే ఉత్తమమైన నమూనా.