లైనక్స్ వేసిపెట్టే మనిషేడి?

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్ల గడువు పొడిగించింది గానీ, అది ఒక్క ఏడాది ముచ్చటే. విండోస్ 11కు మారదామంటే మిషన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి మొదలవ్వాలి. 2016లో పిల్లవాడి ఇంజినీరింగ్ చదువుకని అప్పు చేసి కొన్న ల్యాప్‌టాప్ ఇవాళ్టికీ నిక్షేపంగా నడుస్తున్నా ఈ లెక్కలో పనికిరానిదే. కొత్తది కొనే స్తోమత లేని ఇల్లు ఏం చేయాలి? రక్షణ లేని విండోస్‌తోనే బ్యాంకు లావాదేవీలు చేసుకోవాలా?

అక్కర్లేదు. విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ ఇంటి అవసరాలకు సరిపోతుందని నా గట్టి నమ్మకం. ఇంట్లో కంప్యూటర్‌తో మనం చేసే పనులేమిటి? బ్యాంకు, రైలు టికెట్, డిజీలాకర్, కరెంటు బిల్లు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్. ఇవన్నీ బ్రౌజర్‌లో జరిగేవే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లైనక్స్‌లోనూ అవే. లైనక్స్ రకాల్లో ఒకటైన లైనక్స్ మింట్ వేస్తే కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం కనిపిస్తాయి, విండోస్ అలవాటైన చేతికి వెతుకులాట ఉండదు. నాలుగు జీబీ ర్యామ్ చాలు. ఉత్తరాలకూ లెక్కల పట్టికలకూ లిబ్రేఆఫీస్ ఉంది. ఎవరైనా పంపిన వర్డ్ ఫైలు అందులో తెరిస్తే పేరాలు కాస్త అటూఇటూ జరగొచ్చు, సర్దుకోవాలి. పైగా మన ఊళ్లలో చాలా మిషన్లకు ఎక్కించింది డబ్బు కట్టిన విండోస్ కాదు, క్రాక్ చేసింది. ఆ క్రాక్‌తోపాటు లోపలికి ఇంకేం చేరిందో వేసినవాడికీ తెలియదు, వేయించుకున్నవాడికీ తెలియదు. కొత్త మెనూ నేర్చుకోవడం కంటే నాకు భయం కలిగించేది అదే.

తెలుగు సంగతేమిటని పాఠకులు అడుగుతుంటారు. ఈ విషయంలో లైనక్స్‌కు అందాల్సినంత గుర్తింపు అందలేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు దాంతోపాటే వస్తుంది, సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే సరిపోతుంది. ఐబస్, ఎం17ఎన్ అనే రెండు ప్యాకేజీలు వేసుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి, ఆపిల్ కీబోర్డు కూడా దొరుకుతాయి. డీటీపీలో ఇరవయ్యేళ్లుగా ఆపిల్ లేఅవుట్ మీదే వేళ్లు ఆడించిన ఆపరేటరు అదే వేగంతో యూనికోడ్‌లో కొట్టొచ్చు. లోహిత్, నోటో ఖతులతో గుణింతాలు, ఒత్తులు చక్కగా కుదురుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో మెనూలు చదువుకోగల లైనక్స్ కోసం ఏళ్లుగా శ్రమించారు. జీతం ఆశించకుండా భాష కోసం చేసిన పని అది. మన ప్రభుత్వాలు దాన్ని బడుల్లోకి తీసుకెళ్లి ఉండాల్సింది.

అయితే డీటీపీ సెంటర్ యజమాని వచ్చి నన్నడిగితే మారొద్దనే చెబుతాను. శుభలేఖలూ కరపత్రాలూ పుస్తకాలూ నేటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో, అనూ ఖతులతో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అనూ ఖతులతో కొట్టిన పాఠం యూనికోడ్ కాదు. ఆ ఖతి లేనిచోట తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ అనే ఉపాయం ఒకటుంది గానీ, పెళ్లి ముహూర్తం దగ్గరపడ్డాక శుభలేఖ ఫైలు మొరాయిస్తే ఆ ఉపాయం ఆదుకుంటుందన్న భరోసా నేనివ్వలేను. టాలీతో జీఎస్టీ లెక్కలు చూసే అకౌంటెంటుకూ ఇదే మాట. టాలీ విండోస్ కోసం తయారైంది. డిజిటల్ సంతకం టోకెన్లతోనూ లైనక్స్‌లో తిప్పలే. జీవనాధారమైన మిషన్ జోలికి వెళ్లకండి.

ఇంటివాళ్లకైనా అసలు అడ్డంకి సాఫ్ట్‌వేర్ కాదు, మనిషి. విండోస్ చెడిపోతే బజారులో ఏ కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లినా సాయంత్రానికి బాగుచేసి ఇస్తారు. లైనక్స్‌లో ప్రింటర్ ఆగిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? కేరళ ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. 2001 ప్రాంతంలో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం (ఇప్పుడది కైట్) బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నడిపించింది, ముందు టీచర్లకు నేర్పింది. 2018లో హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టింది. అక్కడ మిషన్ మొరాయిస్తే పక్క తరగతిలోనే తెలిసినవాళ్లుంటారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ వేరు. 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపు ఓటేసింది. అందులో రాజకీయం ఉంది, ఇతర కార్యాలయాల ఫైళ్లతో పొసగడం లేదన్న ఉద్యోగుల ఫిర్యాదులూ ఉన్నాయి. చుట్టూ అందరూ విండోస్‌లో ఉంటే ఒక్కరు మారి నిలబడటం కష్టం.

మన రెండు రాష్ట్రాల్లో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, హార్డ్‌వేర్ నేర్చుకుని షాపు పెట్టుకునే కుర్రాళ్లకూ కొదవ లేదు. వాళ్ల కోర్సులో లైనక్స్ వేయడం, ప్రింటర్ కలపడం, తెలుగు కీబోర్డు అమర్చడం చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. షాపువాళ్లు ఈ పనికి తగిన కూలి తీసుకోవాలి, తీసుకుంటేనే రేపు ఫోన్ చేసినా పలుకుతారు. విండోస్ 10 మిషన్లను తుక్కుకు వేయకుండా బాగుచేసి పేదపిల్లల చదువుకు ఇచ్చే పని ఏ జిల్లా అధికారి తలపెట్టినా మొదట కావలసింది ఈ కుర్రాళ్లే.

ఈలోగా మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే మొదట ఫొటోలు, పత్రాలు విడి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, విండోస్‌ను తీసేయకుండా ఆ పెన్‌డ్రైవ్ నుంచే మిషన్ స్టార్ట్ చేయండి. వైఫై కలవాలి, మాట వినిపించాలి, కెమెరాలో ముఖం కనిపించాలి, ప్రింటర్ ఒక కాగితం తీయాలి. నాలుగూ జరిగితే లోపల ఇన్‌స్టాల్ చేయండి. ప్రింటర్ ఒక్కటే మొండికేసి, మీకు ప్రింటు అవసరం నెలకోసారే అయితే ఆ కాగితం నెట్ సెంటర్లో తీయించుకుని ముందుకు వెళ్లండి. వైఫై కలవకపోతే మాత్రం, తెలిసినవాళ్లు దొరికేదాకా ఆగండి.