దేవుని చిత్తమేనా, అయ్యగారూ?



ఉదయగిరి నుండి ఆత్మకూరు వచ్చే దారిలో ఒక పల్లె. మోటారు వేయబోయి కరెంటు కొట్టి చనిపోయిన ఒక పడుచువాని సమాధి కార్యక్రమము మేమే జరిగించాము. "అయ్యగారూ, నా బిడ్డను దేవుడే చంపాడా?" అని తల్లి అడిగింది. "దేవుని చిత్తమమ్మా" అనేసి వచ్చాము. మూడు ఆదివారములు ఆమె మందిరమునకు రాలేదు.

ఆ స్టార్టరు పెట్టెకు ఎర్తు వైరు లేదని తరువాత తెలిసింది. మనుష్యుల అజాగ్రత్తను దేవుని మీద వేసి, ఆ తల్లి నోరు మూయించాము.

దేవుడు సర్వాధికారి, సందేహము లేదు. అయితే ప్రతి కీడును ఆయన ఇష్టపడి చేశాడని లేఖనము చెప్పదు. యోసేపు తన అన్నలు చేసినదానిని కీడు అనే పిలిచాడు. దేవుడు దానిని మేలుకు మళ్లించాడు (ఆదికాండము 50:20). సిలోయము గోపురము కూలి చచ్చిన పద్దెనిమిది మంది ఎక్కువ పాపులు కారని ప్రభువే చెప్పాడు (లూకా 13:4).

మన పెద్దల చరిత్ర చూడండి. 1876లో వానలు లేక మద్రాసు రాజధానిలో గొప్ప కరువు వచ్చింది. వాన రాకపోవుట ఒకటి. జనము ఆకలితో చస్తుండగా ధాన్యము ఓడలకెక్కుట మరొకటి. ఒంగోలు క్లౌ దొరగారు దేవుని శిక్ష అని కూర్చోలేదు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. కూటి కొరకు ఎవరూ సంఘములో చేరకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపారు. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. అందువలన కరువు మంచిదైపోదు. కరువులోను దేవుడు తన ప్రజల చేయి విడువలేదు.

యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకనే తప్పిపోయారు. మేము మళ్లీ ఆ ఇంటికి వెళ్లాము. "అమ్మా, ఆనాడు తొందరపడి మాట్లాడాము" అన్నాము. ఆమె ఏడ్చింది. లాజరును లేపబోవుచు కూడా ప్రభువు కన్నీరు విడిచాడు గదా, మేమూ ఏడ్చాము. ఎందుకు జరిగిందో పూర్తి జవాబు ఈనాటికీ మావద్ద లేదు. మరుసటి ఆదివారము ఆమె వచ్చి వెనుక చాపమీద కూర్చున్నది. పాడలేదు. కానీ వచ్చింది.

ఈ నెలలో మీ పొలములో ఎర్తు వైరు చూచుకొనండి. దుఃఖించువారి ఇంటికి వెళ్లండి, తక్కువ మాట్లాడండి. ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.