పేరు వెనుక కథ: కార్ల షెడ్డు పాట

పిల్లలూ! కార్లు పెట్టుకునే షెడ్డును గారేజీ అంటారని మీకు తెలుసు. ఒక రకం సంగీతానికి కూడా అదే పేరు. ఎందుకో చెబుతాను, వినండి.

అమెరికాలో న్యూయార్కు నగరంలో, కింగ్ వీధిలో, 84వ నంబరు భవనం ఒకప్పుడు కార్ల గారేజీగా ఉండేది. 1977లో అందులో ఒక డాన్సు క్లబ్బు వెలిసింది. దానికి "పారడైజ్ గారేజ్" అని పేరు పెట్టారు. పారడైజ్ అంటే స్వర్గం.

అక్కడ మద్యం అమ్మేవారు కాదు. జనం వచ్చేది పాట కోసం, ఆట కోసం. వచ్చేవారిలో నల్లజాతివారూ, స్పానిష్ మాట్లాడే కుటుంబాలవారూ ఎక్కువ. మగవారినే ప్రేమించే మగవారు కూడా చాలామంది ఉండేవారు. ఒంటిరంగు చూసో, ప్రేమ చూసో బయటివాళ్ళు వీరిని చులకన చేసేవారు. ఇక్కడ మాత్రం వీరు తలెత్తుకుని తెల్లవార్లూ ఆడేవారు. అందుకే ఆ షెడ్డు వారికి నిజంగా స్వర్గమైంది.

అక్కడ పాటలు వేసినవాడు లారీ లెవాన్ అనే యువకుడు. ఇలా పాటలు వేసేవారిని డీజేలంటారు. డీజే ముందు రెండు రికార్డు యంత్రాలుంటాయి. ఒక పాట అయిపోవచ్చేసరికి, అతను రెండవ రికార్డు వేగాన్ని సవరించి, రెండు పాటల దరువులనూ కలుపుతాడు. ఆడేవారి అడుగు ఆగదు!

ఆ దరువు ఎలా ఉంటుందో తెలుసుకోవాలా? గడియారం చూస్తూ, సెకండుకు రెండుసార్లు చొప్పున బల్లమీద తట్టండి. నిమిషానికి 120 దెబ్బలు. ఇంచుమించు అదే దరువు. దానిమీద ఒక గొంతు ఎలుగెత్తి పాడుతుంది. నల్లజాతివారు చర్చిలో భక్తిగీతాలు పాడే తీరు ఆ గొంతులో వినిపిస్తుంది. ఇదే గారేజీ సంగీతం.

లారీకి చిన్ననాటి స్నేహితుడు ఒకడున్నాడు. అతని పేరు ఫ్రాంకీ నకుల్స్. అతను కూడా 1977లోనే షికాగో నగరం వెళ్ళి, "వేర్‌హౌస్" అనే క్లబ్బులో పాటలు వేయసాగాడు. వేర్‌హౌస్ అంటే గిడ్డంగి. "హౌస్" సంగీతానికి ఆ పేరు ఈ గిడ్డంగి నుంచే వచ్చిందని చెబుతారు. ఒక స్నేహితుడి షెడ్డూ, ఇంకొకడి గిడ్డంగీ, రెండూ సంగీతానికి పేర్లయినాయి!

పారడైజ్ గారేజ్ 1987లో మూతపడింది. లారీ 1992లో, 38 ఏళ్ళకే చనిపోయాడు. షికాగో నగరం 2023లో ఆ గిడ్డంగి భవనాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించి కాపాడుకున్నది. కింగ్ వీధి భవనాన్ని మాత్రం 2018లో కూల్చివేశారు. ఇప్పుడు అక్కడికి వెళితే ఆ షెడ్డు కనిపించదు. దాని పేరు మాత్రం పాటకు మిగిలింది.

మీ ఊళ్ళో కూడా ఏ వీధికో, ఏ ఆటకో వింతపేరు ఉండే ఉంటుంది. అది ఎలా వచ్చిందో మీ పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి.