సెలవుచీటీలో రాయని మాట

"ఆటలమ్మ" అన్న పదంలో భయం తక్కువ, చనువు ఎక్కువ. వ్యుత్పత్తి ఏదైనా కానివ్వండి, చెవికి మాత్రం పిల్లలతో నాలుగురోజులు ఆడుకుని వెళ్ళిపోయే తల్లి అన్నట్టే వినిపిస్తుంది. మశూచి పేరు చెబితే వణికిన మా పెద్దలు ఈ చిన్నమ్మవారిని అంతగా లెక్కచేయలేదు. 2011 వరకూ నేనూ చేయలేదు.

ఆ యేడు నా ఏడవ తరగతిలో ఒక బాలిక తలకు రుమాలు కట్టుకుని వచ్చేది. లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్తకేన్సరు. ఆసుపత్రిలో గడపవలసిన కఠినమైన దశలు ముగిసి, ఇంటివద్ద మాత్రలు మింగుతూ బడికి పోవచ్చునని వైద్యులు అనుమతించిన కాలమది. పద్యం అప్పజెప్పడంలో ఆ పిల్లకు సాటి లేదు. కూర్చుని చెప్పమ్మా అంటే వినేది కాదు, నిలబడే చెప్పేది.

ఆమె పక్కన కూర్చునే అమ్మాయి ఒక సోమవారం నుంచి బడికి రాలేదు. సెలవుచీటీలో "జ్వరము" అని మాత్రమే ఉంది. ఆటలమ్మ పోసిందని తోటిపిల్లలు మర్నాడే నా చెవిన వేశారు. ఇంటివారు దాచుకున్న సంగతి మనం చాటడమెందుకని మిన్నకున్నాను. అదే మర్యాద అనుకున్నాను. రెండువారాలు తిరిగేసరికి ఈ పిల్లకు పొక్కులు లేచాయి. వెనువెంటనే న్యుమోనియా. కేన్సరు మందులు ఆపి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. బ్రతికి బయటపడింది. చూడబోయినప్పుడు ఆమె తండ్రి నన్ను అడిగింది ఒక్కటే: "మీకు ముందే తెలుసా మాస్టారూ?"

తెలుసునన్నాను.

తెలియనిదల్లా ఆ వ్యవధి విలువ. కేన్సరు మందులు చెడుకణాలతోపాటు వైరస్‌ను ఎదిరించే తెల్లకణాలనూ అణచివేస్తాయి. ఇతరులకు పొక్కులతో పోయేది ఈ పిల్లలకు ఊపిరితిత్తులకూ, కాలేయానికీ, మెదడుకూ పాకవచ్చు. అయితే సోకిన తరువాత బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. ఆలోగా కబురందితే వైద్యులు ప్రతిరక్షకాల సూదిమందు ఇవ్వగలరు. మొదటి 4 రోజులలో అయితే మేలు, 10 రోజుల వరకూ ఇవ్వవచ్చు. అది దొరకనిచోట ఎసైక్లోవిర్ మాత్రలున్నాయి. నాకు మంగళవారమే తెలిసిన మాట ఆ తండ్రికి బుధవారం చేరినా సరిపోయేది.

కనుక నా అభిప్రాయం ఇది. తరగతిలో చికిత్స పొందుతున్న బిడ్డ ఉన్నప్పుడు, ఎవరికైనా ఆటలమ్మగానీ తట్టుగానీ వచ్చిందని వినబడితే ఆ పూటే వారి ఇంటికి ఫోను చేయాలి. వదంతి అయినా సరే. పేరు చెప్పనక్కరలేదు, "తరగతిలో ఒకరికి" అంటే చాలు. చికిత్స ముగిసేదాకా అటువంటి పిల్లలను బడి మాన్పిస్తే పోలేదా అనేవారున్నారు. ఆ చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుందండీ! మాన్పించవలసింది పొక్కులున్న పిల్లలను, అవన్నీ ఎండి పక్కులు కట్టేదాకా. పొక్కులు కనబడకముందే ఒకటి రెండు రోజులు అంటించే జబ్బు కనుక అదీ చాలదు. కబురే ప్రధానం.

టీకా లేదా అంటే ఉంది. తన మూడేళ్ళ కొడుకు ఈ జబ్బుతో అల్లాడటం చూసిన జపాను వైద్యుడు తకహాషి మిచియాకి 1974లో దానిని రూపొందించాడు. కాని అది సజీవ వైరస్‌తో చేసింది. చికిత్సలో ఉన్న బిడ్డకు పనికిరాదు. వైద్యుని అడిగి తోబుట్టువులకు వేయించాలి.

పూర్వం అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. భక్తితోనే కట్టేవారు, అయినా వీధిలో పోయేవారికి సంగతి తెలిసేది. ఇప్పటి గుమ్మాలకు మండలూ లేవు, చీటీలో మాటా లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఏళ్ళతరబడి నేను నూటికి నూరు హాజరుకు బహుమతి ఇచ్చేవాణ్ణి. ఒకసారి సగం ఎండిన పొక్కులతోనే వచ్చిన కుర్రవాణ్ణి తరగతి ముందు నిలబెట్టి మెచ్చుకున్నాను కూడా. 2011 తరువాత ఆ బహుమతి ఇవ్వలేదు.