గాలి పట్టిన చదువు

హీట్ ట్రాన్స్‌ఫర్‌లో నాకు మంచి గ్రేడే వచ్చింది. ఆ సంగతి మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది. అందుకే పోయిన డిసెంబరులో అమెరికాలోని మిన్నెసోటా నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు మెకానికలే కదా! మా గ్యారేజీలో ఒక పక్క నేల వేడెక్కట్లేదు. ఎందుకో చెప్పు."

అక్కడ చలికాలంలో మైనస్ 20 డిగ్రీలు మామూలే. బాబాయికి గ్యారేజీలో చెక్కపని చేసుకోవడం సరదా. అందుకే కొత్తగా కట్టుకున్న గ్యారేజీకి హైడ్రానిక్ హీటింగ్, అంటే వేడినీళ్ళతో నేలని వెచ్చబెట్టే పద్ధతి, పెట్టించుకున్నాడు. కాంక్రీటు పోయకముందే రెండంగుళాల ఫోమ్ బోర్డులు పరిచి, వాటి మీద అడుగుకో వరస చొప్పున అర అంగుళం పెక్స్ పైపు వేస్తారు. 24 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు ఉన్న ఆ గ్యారేజీకి దాదాపు 600 అడుగుల పైపు పట్టింది. దాన్ని 200 అడుగుల చొప్పున మూడు లూపులు చేశారు. బాయిలర్ నుంచి 40 డిగ్రీల పైచిలుకు వేడితో వచ్చే నీళ్ళని ఒక చిన్న పంపు ఈ మూడింట్లో తిప్పుతూ ఉంటుంది. గడ్డకట్టి పైపు పగలకుండా నీళ్ళలో గ్లైకాల్ కలుపుతారు.

మూడు లూపుల్లో రెండు వెచ్చగా ఉన్నాయి, మూడోది చల్లగా ఉంది. నేను కాగితం తీసి ఫ్రిక్షన్ లాస్ లెక్కేశాను. "బాబాయ్, పంపు చాలట్లేదు. పెద్దది వేయించు" అని ధీమాగా చెప్పాను. పాపం, నమ్మి కొన్నాడు. ఏం మారలేదు.

చివరికి వచ్చిన ప్లంబరు లెక్కలేమీ వెయ్యలేదట. రెండు లూపుల వాల్వులు మూసేసి, మూడోదాంట్లోకి ఒక్కసారిగా జోరుగా నీళ్ళు తోశాడు. బుడబుడమంటూ గాలి బయటికొచ్చింది. మర్నాటికి నేలంతా ఒకేలా వెచ్చబడింది. లూపులు మూడూ ప్యారలల్‌గా ఉన్నాయి కదా, ఒకదాంట్లో గాలి అడ్డుపడితే నీళ్ళు మిగతా రెండు దారులూ చూసుకున్నాయి. పంపు పెద్దదైతే ఆ రెండింట్లోనే ఇంకాస్త జోరుగా పోతాయి, అంతే.

నాకు సిగ్గేసింది తెలియనందుకు కాదు, తెలిసినందుకు! మా తాతయ్య కాలవ గట్టున ఇంజను పెట్టి పొలానికి నీళ్ళు తోడేవాడు. నీళ్ళు రాకపోతే "గాలి పట్టిందిరా" అని పంపులో బిందెడు నీళ్ళు పోసేవాడు. ఆ బిందె అందించింది నేనే. కానీ ఆ బిందె ఒక బుర్రలో, ఫార్ములా ఇంకో బుర్రలో ఉండిపోయాయి.

ఇది నా ఒక్కడి తప్పు అనుకోను. మన ల్యాబుల్లో పంపు ముందే ప్రైమ్ చేసి ఉంటుంది. స్విచ్ వేస్తాం, రీడింగ్ రాస్తాం. రీడింగ్ తేడాగా వస్తే సీనియర్ రికార్డు ఉండనే ఉంది. పాడైన యంత్రం ఎలా ఉంటుందో నాలుగేళ్ళలో ఒక్కసారైనా చూస్తున్నామా?

"మనకు చలే లేదు, ఈ గోల మనకెందుకు" అనొచ్చు. హైదరాబాదులో పెద్ద పెద్ద ఆఫీసుల సెంట్రల్ ఏసీల్లో తిరిగేవీ నీళ్ళే, కాకపోతే చల్లటివి. అక్కడా ఇవే పంపులు, ఇవే వాల్వులు, ఇదే గాలి. రేపు మనలో కొందరు చేసే ఉద్యోగం అదే.

ఫార్ములాలు వద్దనట్లేదు. క్యూ ఈజ్ ఈక్వల్ టు ఎం సీపీ డెల్టా టీలో ఎం సున్నా అయితే క్యూ కూడా సున్నాయే. జవాబు అందులోనే ఉంది, చూడటం నాకు రాలేదు.

అందుకే లెక్చరర్లకు ఒక చిన్న విన్నపం. సెమిస్టరుకి ఒక్క ల్యాబు క్లాసులోనైనా పంపు ఖాళీ చేసి మా చేతికివ్వండి. నీళ్ళు మేమే నింపుతాం, గాలి మేమే తీస్తాం. బట్టలు తడుస్తాయి, పర్లేదు. ఆ రోజు రికార్డులో ఏం రాయాలో సీనియర్లని అడగక్కర్లేదు.