కొత్త టీచర్లూ ఖాళీ పలకలు కారు

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో వెలువడిన మెగా డీఎస్సీ ప్రకటనలో 16,347 టీచరు పోస్టులున్నాయి. అంతకు ముందు ఏడాది తెలంగాణ డీఎస్సీలో 11,062. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి, పరీక్ష గట్టెక్కిన యువతీయువకులు వేల సంఖ్యలో బడుల్లో అడుగుపెట్టారు. కొత్తవారికి మనం సాధారణంగా ఇచ్చేది కొద్దిరోజుల శిక్షణ: ఒక హాలు, ఒక ప్రొజెక్టరు, వరసగా ఉపన్యాసాలు. ‘పిల్లలకు ఉపన్యాసాలివ్వకండి, చేయించి నేర్పండి’ అన్న మాటనూ ఉపన్యాసంగానే చెబుతారు.

ఇది ఎందుకు పెద్దగా ఫలించదో భౌతికశాస్త్ర బోధన మీద జరిగిన పరిశోధనలను చూస్తే అర్థమవుతుంది. బంతిని పైకి విసిరితే, అది ఎక్కుతున్నంతసేపూ దాన్ని పైకి తోసే బలం ఒకటి ఉంటుందని చాలామంది విద్యార్థులు నమ్ముతారు. గాలి నిరోధాన్ని పక్కనపెడితే, చేతిని వీడిన బంతిపై పనిచేసేది గురుత్వబలం ఒక్కటే, అదీ కిందికి. కాలేజీలో ఈ పాఠాలు విన్నాక కూడా ఇలాంటి నమ్మకాలు అంతగా చెదరవని అమెరికాలో ఇబ్రహీం హల్లౌన్, డేవిడ్ హెస్టెనెస్ 1985లో చూపించారు. ఎవరు పాఠం చెప్పినా ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు.

టీచర్ల విషయమూ అంతే. కొత్త టీచరు అంతకుముందు పదిహేనేళ్లకు పైగా బెంచీ మీద కూర్చుని తన టీచర్లను గమనించిన మనిషి. బోధన అంటే ఏమిటో ఆమెకు అప్పటికే ఒక ఊహ ఉంది. సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లోనే ఈ సంగతి గుర్తించారు. ‘అర్థమైందా?’ అని అడగడం, తరగతంతా ‘అర్థమైంది టీచర్’ అనగానే తర్వాతి పాఠానికి వెళ్లడం ఆ ఊహలో భాగమే.

వయోజనులు తమ అనుభవంతో, తమకు ఎదురైన సమస్యతో నేర్చుకోవడం మొదలుపెడతారని మాల్కమ్ నోల్స్ 1970లలో వాదించారు. పిల్లలు నేర్చుకునే తీరుకూ దీనికీ మధ్య ఆయన మొదట గీసిన గీత మరీ గట్టిది. 1980 నాటికి ఆయనే దాన్ని సడలించారు. అయినా మెంటర్‌కు పనికొచ్చే మాట అందులో ఉంది: సలహాతో కాదు, ఆ టీచరు తరగతి గదిలో జరిగినదానితో మొదలుపెట్టాలి.

ఉదాహరణకు బలం పాఠమే తీసుకుందాం. మెంటర్ వెనక బెంచీలో కూర్చుంటారు. పాఠం అయ్యాక పిల్లలందరికీ చిన్న కాగితాలిచ్చి, పైకి వెళ్తున్న బంతి మీద బలాలను బాణాలతో గీయమంటారు. సాయంత్రం ఆ కాగితాలను ఇద్దరూ టేబుల్ మీద పరుస్తారు. ‘అర్థమైంది’ అన్న పిల్లల్లో ఎందరు బాణాన్ని పైకి గీశారో టీచరే లెక్కపెట్టుకుంటుంది. బోర్డు మీద రాత బాగాలేదనో, గొంతు పెంచమనో మెంటర్ చెప్పనక్కర్లేదు. ‘రేపు ఏం మారుద్దాం?’ అని అడిగితే చాలు. మర్నాడు మళ్లీ చూడాలి, లేదంటే ఇది కూడా ఇంకో తనిఖీ అవుతుంది. మెంటర్ మాట పనితీరు నివేదికలోకి వెళ్తుందని తెలిస్తే ఏ టీచరూ ఆ కాగితాలను టేబుల్ మీద పరచదు.

2020 జాతీయ విద్యా విధానం మెంటరింగ్‌కు జాతీయ మిషన్ కావాలంది, టీచర్లకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. కానీ మెంటర్ ఎక్కణ్నుంచి రావాలి? కోల్‌కతా పక్కన 1990ల చివర్లో రూపుదిద్దుకోవడం మొదలైన న్యూ టౌన్‌లో బడులు చాలావరకు ఈ శతాబ్దంలో పుట్టినవే. అలాంటి చోట స్టాఫ్‌రూంలో పాతికేళ్ల అనుభవం దొరకడం కష్టం. మన్యంలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో స్టాఫ్‌రూమే ఉండదు. ఇలాంటి చోట్ల పక్క బడి మనిషే దిక్కు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నదే అందుకు. అక్కడ సర్క్యులర్లు చదవడం తగ్గించి, ఆ బాణాల కాగితాలను బయటికి తీయనివ్వాలి.

అన్నిటికన్నా కరువైనది టైము. ఇద్దరికీ వారానికి ఒక ఖాళీ పీరియడ్ కలిసి ఉండాలి, అది టైంటేబుల్‌లో రాసి ఉండాలి. ఎవరైనా సెలవు పెట్టిన రోజు హెడ్మాస్టరు మొదట లాక్కునేది ఆ పీరియడ్‌నే.